తలుపు బయట ఆగిన మాట

నిద్రపోయే కుక్క ముఖం ఇలా ఉండదు, నిద్రలో మీసాలు కదులుతాయి, పెదవి అంచు అదురుతుంది, ఒక్కోసారి కలలో దేన్నో తరుముతున్నట్టు కాళ్ళు కొట్టుకుంటాయి, ఈ కరియకు అవేమీ లేవు, నాలుక పక్కకు పడి ఉంది, కళ్ళు సగం తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి, రెప్ప వాల్చే బలం కూడా లేదు, కానీ లోపల వీడు మెలకువగానే ఉన్నాడు, అనుకుంది నేత్ర, రబ్బరు సంచిని నొక్కుతూ, ఒకటి, రెండు, మూడు, నాలుగు, నొక్కు, కుక్క పక్కటెముకలు పైకి లేచాయి, వదిలితే దిగాయి, మళ్ళీ ఒకటి, రెండు, తన పిడికిట్లో ఇంకొకరి ఊపిరి ఉండడం ఆమెకు కొత్త కాదు, హోసూరులో ఈ పశువుల ఆసుపత్రిలో చేరి తొమ్మిదేళ్ళు, మత్తు ఇవ్వడం, మత్తులో ఉన్నదాన్ని కనిపెట్టుకుని ఉండడం, మళ్ళీ లేపడం, అదే ఆమె పని, కోసేవాళ్ళు వేరే, ఈ పొద్దు మాత్రం కోతా లేదు, మత్తూ లేదు, ఉన్నది పాము విషం, ఊపిరి పోసే యంత్రం ఉన్నది ఒక్కటే, అది పక్క గదిలో నిన్న లారీ తగిలిన కుక్కకు పెట్టి ఉంది, కాబట్టి చెయ్యే యంత్రం, నలభై నిమిషాలయింది, బొటనవేలి కింద కండ లాగుతోంది, సహాయకుడు మాదేశ్ రెండుసార్లు అడిగాడు, నేను పట్టుకుంటాను మేడం అని, ఇంకాసేపాగు అంది, ఎందుకో వదలబుద్ధి కాలేదు.

ఎనిమిదిన్నరకు వచ్చారు, అత్తిముగం నుంచి, ఖాళీ టమోటా పెట్టెలు దించి వెనక్కి వస్తున్న బండిలో, పుట్టమ్మ అనే ముసలావిడ ఈ నల్ల కుక్కను గోనెపట్టాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, బండి ఆగకముందే దిగబోయింది, చిక్కుడు తోటలో కాయ కోస్తావుంటే పాము పైకి లేచినాది డాక్టరమ్మా, పడగ ఇప్పినాది, నా కండ్లారా చూసినాను, నా కాలికి పడాల్సింది వీడు నడిమధ్యకు దూకినాడు, అని ఒకే మాటను నాలుగుసార్లు చెప్పింది, ఆ నాలుగుసార్లూ పడగ అన్న మాట చెప్పడం మంచిదయింది, పడగ అంటే నాగుపాము, కట్లపాము అయితే నరం చివరనే తినేస్తుంది, దానికి నియోస్టిగ్మిన్ అనే మందు పెద్దగా పనిచేయదు, నాగుపాము అయితే ఆశ ఉంది, నేత్ర విరుగుడు సీసాలు ఎక్కించింది, గొంతులోకి గొట్టం దించి పై దవడకు గాజ్ పట్టీతో కట్టింది, గొట్టం దించేటప్పుడు మాత్రం కాస్త మత్తు ఇచ్చింది, అదెప్పుడో దిగిపోయి ఉంటుంది, తర్వాత నియోస్టిగ్మిన్, అది గుండెను మరీ నెమ్మది చేయకుండా ఇంకో మందు తోడు.

నరం కండరాన్ని నేరుగా ముట్టుకోదు, మధ్యలో వెంట్రుకలో వెయ్యో వంతు సందు ఉంటుంది, ఆ సందులోకి నరం ఒక రసాయనం వదులుతుంది, అది అవతల కండరం మీదున్న గడపల్లో అడుగుపెడితేనే కండరం కదులుతుంది, నాగుపాము విషం వచ్చి ఆ గడపల మీద కూర్చుంటుంది, నరం పిలుస్తూనే ఉంటుంది, కండరానికి అందదు, నియోస్టిగ్మిన్ విషాన్ని ఏమీ చేయదు, పిలుపు కరిగిపోకుండా ఆపుతుంది అంతే, పిలుపు మీద పిలుపు పోగుపడితే ఎక్కడో ఒక గడప ఖాళీ దొరుకుతుంది, నామక్కల్లో చదివేటప్పుడు పద్మనాభం సార్ దీన్ని అలాంటి విషం ఎక్కించిన కప్ప కాలితో చూపించాడు, కరెంటు పారే సన్నటి తీగతో నరాన్ని తాకితే కాలు కదల్లేదు, కండరాన్ని తాకితే ఎగిరి పడింది, క్లాసంతా నవ్వింది, ఆయన నవ్వలేదు, నిద్ర వేరు, నొప్పి తెలియకపోవడం వేరు, కదలకపోవడం వేరు, ఈ మూడూ ఒకటే అనుకునేవాళ్ళు మత్తు సూది ముట్టుకోవద్దు, అని తమిళంలో చెప్పి బోర్డు మీద మూడు గీతలు గీశాడు, చెమటతో ఆయన చొక్కా వీపుకు అంటుకుని ఉంది, ఫ్యాను తిరగని గది, కిటికీ అవతల వేపచెట్టు కింద, అబ్బా, ఆ కిటికీ అవతలే కదా ఆ రోజు నాయన వచ్చి నిలబడింది.

చెప్పకుండా వచ్చాడు, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో పసుపు సంచి, సంచిలో ఉడకబెట్టిన శెనక్కాయలు, కెలమంగలంలో మొదటి బస్సెక్కి మూడు బస్సులు మారి వచ్చాడు, క్లాసు అయ్యేదాకా ఎండలో అట్లే నిలబడి కిటికీలోంచి లోపలికి చూస్తూ ఉన్నాడు, సిగ్గేసింది నేత్రకు, ఇప్పుడు తలుచుకుంటే ఆ సిగ్గుకే సిగ్గేస్తుంది, పద్మనాభం సారే బయటికి పోయి ఆయన్ను లోపలికి పిలిచాడు, కుర్చీ వేయించాడు, నాయన అంకప్ప కుర్చీలో కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, మా బిడ్డ ఏమి నేర్చుకుంటాండాది సార్, అని అడిగాడు, జంతువులను నిద్రపుచ్చడం నేర్పుతున్నాను అన్నాడాయన, నాయన కాసేపు ఆలోచించి, దానికి ఇంత దూరం రావాల్నా సార్, మా పట్టుపురుగులు ఎవురూ చెప్పకనే నిద్రపోతాయే, అన్నాడు, సార్ నవ్విన నవ్వు వరండా చివరిదాకా వినపడింది, ఆ రోజంతా హాస్టల్లో పిల్లలు ఆ శెనక్కాయలు తింటూ అదే మాట చెప్పుకున్నారు.

నిజమే, ఆమెకు నిద్ర గురించి మొదటి పాఠం ఆ పురుగులే చెప్పాయి, కెలమంగలంలో వేరేవాళ్ళ షెడ్డులో నాయన కూలికి పురుగులు మేపేవాడు, అమ్మ కదిరమ్మ మల్బరీ ఆకు కోసుకొచ్చేది, నేత్ర బడి నుంచి వచ్చి తట్టల మీద ఆకు పరిచేది, వేల నోళ్ళు ఒక్కసారి నమిలితే వచ్చే ఆ చిటపట, ఆకు పచ్చివాసన, సున్నం వాసన, నాయన చేతుల్లో బీడీ వాసన, షెడ్డులోకి వచ్చే ముందు చేతులు రెండుసార్లు కడుక్కున్నా పోని వాసన, పురుగు తన జన్మలో నాలుగు నిద్రలు పోతుంది, నిద్ర పట్టే వేళకు మేత మానేస్తుంది, తల పైకెత్తి రాయిలా ఉండిపోతుంది, చచ్చిపోయిందేమో అని ఆమె ఒకసారి పుల్లతో కదిలించబోతే నాయన చేయి పట్టుకున్నాడు, నిద్రలో ఉండేదాన్ని ముట్టగూడదు, దాని పక్కన మాట్లాడగూడదు, లోపల కొత్త తోలు కట్టుకుంటాండాది, అని చెవిలో చెప్పాడు, ఆ ఇరవైనాలుగు గంటలూ షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కారు, అమ్మ గాజులు కూడా పైకి తోసుకునేది, ఆ నిశ్శబ్దం ఎంత బాగుండేది, ముగ్గురూ గోడకు ఆనుకుని కూర్చుని రాగి సంకటి తినేవాళ్ళు, సైగలతోనే ఊరగాయ అడుక్కునేవాళ్ళు, నాయన కావాలని సైగ తప్పు చేసి అమ్మను నవ్వించేవాడు, అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తేది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, నొక్కు.

అదేమిటి, గుండె నూట నలభై రెండు, ఇందాక నూట పది ఉండె, తెర మీద పచ్చ గీత గబగబా పరుగెడుతోంది, ఆక్సిజన్ బాగుంది, వదిలే గాలిలో బొగ్గుపులుసు వాయువు బాగుంది, అయితే నియోస్టిగ్మిన్‌కు తోడు ఇచ్చిన మందు గుండెను పరుగెత్తిస్తూ ఉండవచ్చు, కానీ అది ఇచ్చి అరగంట దాటింది, లేదా నొప్పి, లేదా భయం, మామూలుగా మత్తులో ఉన్న కుక్క మేలుకుంటోందా అని తెలుసుకోవాలంటే కంటి మూల తాకి చూస్తాం, రెప్ప కొట్టుకుంటే మేలుకుంటున్నట్టు, వీడికి రెప్ప కొట్టుకోవడమే రాదు, మేలుకున్నా నిద్రపోయినా ముఖం ఒకటే, వీడు చెప్పుకోగలిగింది గుండెతో ఒక్కదానితోనే, మాదేశ్, నిద్రమందు, మిడజోలం తీసి పెట్టు, అంది, మాదేశ్ సూదిలోకి మందు లాగి ట్రేలో పెట్టి, సెలైన్ తేవడానికి తలుపు తీశాడు, తలుపు సందులోంచి వరండాలో పుట్టమ్మ గొంతు లోపలికి వచ్చింది, ఎవరితోనో అత్తిముగం బస్సు గురించి మాట్లాడుతోంది, లోపల మరీ ఏడుస్తోందని నేత్రే ఆమెను గంట కిందట బయట కూర్చోబెట్టింది, నూట ముప్పై ఆరు, నూట ముప్పై, నూట ఇరవై నాలుగు, మాదేశ్ సెలైన్‌తో వచ్చి కాలితో తలుపు మూశాడు, నూట ఇరవై ఎనిమిది, నూట ముప్పై నాలుగు.

కాకతాళీయం అనుకోవచ్చు, ఒక్కసారికి ఏదీ నిజం కాదు, మాదేశ్ ఆ తలుపు మళ్ళీ తెరువు, అంది, తెరిచాడు, అవ్వా ఇట్ల రా, అని పిలిచింది, పుట్టమ్మ చెప్పులు బయట వదిలి, చచ్చిపోయినాడా అని అడగడానికి భయపడుతున్న ముఖంతో వచ్చి గోడ పక్కనే నిలబడిపోయింది, బతికే ఉన్నాడవ్వా, కదల్లేడు కానీ వాడికి వినపడతా ఉండొచ్చు, నువ్వు ఏడవకుండా మామూలుగా మాట్లాడు, ఇంట్లో వాడితో ఎట్ల మాట్లాడతావో అట్ల, అంది నేత్ర, పుట్టమ్మకు ఒక నిమిషం నమ్మకం కుదరలేదు, తర్వాత స్టూలు లాక్కుని కుక్క చెవి దగ్గర కూర్చుంది, రేయ్ కరియా, ఈడనే ఉండానప్పా, యాడికీ పోలేదు, కాయ అంతా బుట్టలోనే పెట్టేసి వచ్చినా, ఆ పొడకోడి పొద్దున మళ్ళీ గడ్డివామిలో గుడ్డు పెట్టినాది, నువ్వు లేవకుంటే దాన్ని ముంగిస ఎత్తుకపోతాది, ఇట్లా, ఆగకుండా, వంకాయ నారు గురించి, పక్కింటి మేక గురించి, నూట పద్దెనిమిది, నూట పది, నూట నాలుగు, నేత్ర ట్రేలోని సూదిని చూసింది, మాదేశ్ కూడా తెరను చూసి సూదిని చూశాడు, దానికి మూత పెట్టాడు.

నూట పద్దెనిమిది, ఈ అంకె ఇంకెక్కడో చూసింది, ఎక్కడో కాదు, కృష్ణగిరిలో, మూడేళ్ళ కిందట, నాయన మంచం పక్కన తెర మీద, మెదడులో రక్తనాళం చిట్లి ఆయన కింద పడిన అయిదో రోజు, నోట్లో గొట్టం, ఛాతీ యంత్రంతో పాటు లేచి దిగుతోంది, ఎంత సన్నటి ఛాతీ, ఈ ఛాతీ మీద పడుకునే కదా చిన్నప్పుడు హోసూరు సంత నుంచి వచ్చే బస్సులో ఇంటిదాకా నిద్రపోయింది, బస్సు కుదిపినప్పుడల్లా చెంప కింద ఆయన జేబులో బీడీకట్ట గుచ్చుకునేది, ఆ ఆసుపత్రిలో డాక్టర్లు మంచివాళ్ళు, మీరూ మత్తు డాక్టరే కదా రండి అని ఆమెను లోపలికి రానిచ్చారు, ఆమె కాగితాలన్నీ చదివింది, ఏ మందు ఎంత పోతోందో అడిగింది, వాళ్ళతో సమానంగా మాట్లాడింది, ఎదురుగా ఉన్నది నాయన అని మరిచిపోవడానికి అంకెలు ఎంత బాగా ఉపయోగపడ్డాయో, గుండె తొంభై నుంచి నూట పద్దెనిమిదికి పోతే నిద్రమందు కాస్త పెంచుదామా అని తనే అడిగింది, సరేనన్నారు, అందులో తప్పు లేదు, ఇప్పుడు ఎవరు అడిగినా అదే చెప్తుంది, ఆయన కంటి కొసన తడి కనిపిస్తే, కన్ను ఎండిపోకుండా పూసిన మందు కరిగిందిలే అనుకుని దూదితో తుడిచింది, మందే అయి ఉంటుంది, చాలామందికి అవుతుంది అట్లా.

అప్పుడే అమ్మ తలుపు దగ్గరికి వచ్చింది, ఒక్కొక్కరినే పంపుతారు, నేత్ర ఇవతలికి వస్తే అమ్మ లోపలికి పోవచ్చు, అమ్మ కొంగు రెండు చేతులతో పట్టుకుని అడిగింది, మీ నాయనకు వినపడతాదా నేత్రా, ఒక మాట చెప్పాల, నేత్ర లోపలి తెర వైపు తిరిగి చూసింది, అంకె ఇప్పుడిప్పుడే తొంభై ఆరుకు దిగింది, అమ్మ పోయి ఏడిస్తే మళ్ళీ లేస్తుంది, రక్తపోటు లేస్తుంది, వినపడదమ్మా, నిద్రమందులో ఉండాడు, ఆయనకేమీ తెలీదు, ఇప్పుడు కదిలించగూడదు, రేపు చూద్దాం, అంది, డాక్టరు గొంతుతో అంది, రోజూ కుక్కల వాళ్ళకు, ఆవుల వాళ్ళకు చెప్పే గొంతుతో, అమ్మ సరేనని తల ఊపి వెళ్ళి బల్ల మీద కూర్చుంది, రేపు రాలేదు, ఆ మధ్యాహ్నమే ఆయన పోయాడు, అంత్యక్రియలు, పదో దినం, నెల, ఏడాది, అమ్మ ఆ మాటేమిటో చెప్పలేదు, నేత్ర అడగలేదు, అడగాలని తోచకపోవడం కాదు, తోచిన ప్రతిసారీ ఏదో ఒక పని గుర్తొచ్చేది.

చేతికి ఏదో తగిలింది, సంచి తను నొక్కకముందే రవ్వంత లోపలికి పోయినట్టు, భ్రమేమో, ఒకటి, రెండు, మూడు, ఆగింది, తెర మీద కుక్క వదిలే గాలి గీత మట్టంగా ఉండాల్సిన చోట చిన్న గంటు పడింది, కత్తిమొనతో గీరినట్టు, ఆ గంటు ఆమె చాలాసార్లు చూసింది, కండరాలను కట్టేసే మందు దిగిపోయేటప్పుడు వస్తుంది, పొట్ట పైనున్న ఊపిరి కండరం తనంతట తాను ఒక్కసారి లాగి చూసిందన్న మాట, మాదేశ్ చూసినావా, అంది, చూసినా మేడం, అన్నాడు, గుసగుసగా, ఇంకో గంటు, తర్వాతిది పెద్దది, పది నిమిషాలకు ప్రతి నొక్కుకూ మధ్య వాడి సొంత ఊపిరి ఒకటి, పొట్టిది, అదురుతూ, కానీ వాడిదే, ఇంకో పావుగంటకు పై రెప్ప వణికింది, పుట్టమ్మ మాట మధ్యలో ఆపి నేత్ర ముఖం చూసింది, ఆపద్దవ్వా, చెప్తానే ఉండు, అంది నేత్ర, ముంగిసను యాడ వదిలినాను, అని పుట్టమ్మ తనలో తను వెతుక్కుని మళ్ళీ అందుకుంది.

గండం ఇంకా పూర్తిగా దాటలేదు, విషం మళ్ళీ తిరగబెట్టవచ్చు, సాయంత్రం దాకా గొట్టం తీయగూడదు, అవన్నీ మాదేశ్‌కు చెప్పి, సంచి అతని చేతికిచ్చి, నేత్ర వరండాలోకి వచ్చింది, చేతివేళ్ళు విచ్చుకోవడం లేదు, పిడికిలి అట్లే ఉంది, ఎదురుగా కృష్ణగిరి రోడ్డు, లారీలు, ఎండ, ఎడమ చేత్తో ఫోను తీసి అమ్మకు చేసింది, అమ్మ ఆకు కోస్తోంది, అవతల కొమ్మలు రాసుకునే చప్పుడు, ఏమి నేత్రా ఈ వేళప్పుడు, తిన్నావా, అంది, తింటానమ్మా, ఒకటి అడగల్ల, ఆ పొద్దు కృష్ణగిరిలో నాయనకు ఏదో చెప్పాలన్నావే, ఏమది, అంది నేత్ర, తొందరగా, ఆగితే అడగలేనని తెలిసి, అవతల కొమ్మల చప్పుడు ఆగింది, ఫోను తెగిందేమో అని చూసుకుంది.

పెద్ద మాట ఏమీ కాదు, అంది అమ్మ చివరికి, మీ నాయన పడిపోయేదానికి ముందు నాలుగు దినాలు నేను ఆయనతో మాట్లాడలేదు, నన్ను అడక్కుండా వాకిట్లో మునగచెట్టు కొట్టేసినాడు, నీకెవురూ చెప్పలేదు, ఆయనా చెప్పుండడు, సంకటి పెట్టేదాన్ని, మాట మాత్రం లేదు, ఆయన ఆసుపత్రిలో ఉండిన అయిదో దినం ఇంటి నుంచి కృష్ణగిరికి బయల్దేరేటప్పుడు చూస్తే మొద్దుకు చిగురొచ్చి ఉండాది, అది చెప్దామనుకున్నా, చెట్టు మళ్ళా వస్తాండాది, నాకు కోపం లేదు, అని, నువ్వు వినపడదంటివి, నువ్వు చదివినదానివి, నీకు తెలుసుకదా అని ఆగిపోయినా.

నేత్ర గోడకు ఆనుకుంది, నాలుగు దినాలు మాటల్లేవు, అయిదు దినాలు ఆసుపత్రి, తొమ్మిది, ఆ ఇంట్లో సైగలతో నవ్వించుకున్న ఆ ఇద్దరి మధ్య చివరి తొమ్మిది రోజులూ ఒక్క మాట లేదు, చివరికి చెప్పబోయిన ఆ మాట తలుపు దాకా వచ్చింది, తను నిలబడిన చోటు దాకా, తప్పు అంకెదో మందుదో అయితే ఎంత బాగుండేది, సర్ది చెప్పుకునేది, మనిషి గొట్టంతో పడుకుని ఉంటే లోపల ఏముందో ఏ డాక్టరుకూ పూర్తిగా తెలియదని, పద్మనాభం సార్ దగ్గర కూర్చున్న మొదటి నెలలోనే తెలుసు కదా, అమ్మా, అంది, నాకు తెలీదు, ఆయనకు వినపడతాదో లేదో ఆ పొద్దు నాకు తెలీదు, తెలుసని చెప్పినాను.

అమ్మ ఏడవలేదు, తిట్టలేదు, ఊఁ అంది, కాసేపటికి కొమ్మల చప్పుడు మళ్ళీ మొదలయింది, ఏదో ఒకటి చేస్తూ ఉంటే తప్ప మాట్లాడడం చేతకాదు అమ్మకు, ఇప్పుడేమి చేస్తాండావు ఆడ, అని అడిగింది, పాము కరిచిన కుక్కను చూస్తాండానమ్మా, బతుకుతాదా, తెలీదమ్మా, అంది నేత్ర, అని తన నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు తనే నిలిచిపోయింది, లారీ ఒకటి గేరు మార్చుకుంటూ ఎదురు రోడ్డు ఎక్కింది, ఇంతేనా, ఇంత చిన్న మాటేనా, ఆ రోజు తలుపు దగ్గర తెలీదమ్మా అని ఉంటే చాలు, అమ్మ పక్కనుంచి లోపలికి పోయి ఉండేది, ఆయనకు వినపడి ఉన్నా, వినపడకపోయి ఉన్నా, అమ్మ తను చెప్పాల్సింది చెప్పి ఇవతలికి వచ్చి ఉండేది.